కాలికీ నీడకీ మధ్య

శేఖర్ స్టూడియో వెనక గదిలోంచి మనీషా తన ఫోటోను కూడా తీసుకోకుండా లేచి వచ్చేసి వారమైంది. ఆమెను లేపింది ఒకే ఒక్క మాట.

శంషాబాద్ పాత బస్టాండు దగ్గర ముప్ఫై ఏళ్లుగా పెళ్లి ఫోటోలూ పాస్‌పోర్టు ఫోటోలూ తీస్తున్న మనిషి శేఖర్. ఆదివారం పది గంటలకు ఆయన వెనక గదిలో ఫోటోల పిచ్చి ఉన్నవాళ్లు ఐదారుగురు చేరతారు. ఎవరు తీసింది వాళ్లు బల్ల మీద పెడతారు. మిగతావాళ్లు మంచీ చెడూ చెబుతారు. ఆ రోజు మనీషా పెట్టింది మోతీ ఫోటో.

మోతీ పదేళ్ల లాబ్రడార్ కుక్క. బడంగ్‌పేట్‌లో ఉండే రిటైర్డ్ టీచర్ కౌసల్యమ్మది. కూతురి పురుటికి పుణె వెళ్తూ ఆమె దాన్ని తొండుపల్లిలో ప్రేమలత నడిపే కుక్కల హాస్టల్లో నెల రోజులకు వదిలింది. విమానం ఎక్కేవాళ్ల కుక్కలు పది పదిహేను ఎప్పుడూ అక్కడ ఉంటాయి. వాటికి తిండి పెట్టడం, గదులు కడగడం, రోజుకొక ఫోటో తీసి యజమానులకు పంపడం మనీషా పని. మొదట్లో పనిగా తీసిన ఫోటోలే రెండేళ్లలో ఆమెకు ఇష్టమైపోయాయి. ఇరవయ్యారేళ్ల వయసులో, ఇది నాకు వచ్చు అని ఆమె అనుకున్న మొదటి విషయం అదే.

ఆ ఫోటోలో మోతీ గడప మీద తల వాల్చి కళ్లు పైకెత్తి చూస్తోంది. కింద 'అలిగిండు' అని రాసింది మనీషా. ఎయిర్‌పోర్టులో టికెట్ల కౌంటరు దగ్గర పనిచేసే ప్రసన్నలక్ష్మి, "ఎంత ముద్దుగా ఉందండీ, అచ్చం అలిగిన పిల్లాడే" అంది. మిగతావాళ్లూ అదే అన్నారు. శేఖర్ ఒక్కడే ఫోటోను చేతిలోకి తీసుకుని కాసేపు చూసి అన్నాడు.

"అలిగిండని నువ్వు రాసుకున్నవు. కుక్క ఏం చేస్తున్నదో నువ్వు చూడలే. ఇది ఫోటో కాదు బిడ్డా, రసీదు. కుక్క ఉన్నది, ముట్టింది అని."

ఎవరో నవ్వారు. మనీషా లేచి వచ్చేసింది. ఆ సాయంత్రమే వాళ్ల వాట్సాప్ గ్రూపులోంచి బయటికొచ్చింది. శేఖర్ రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. సోమవారం, మంగళవారం ఫోటోలు ఏదో తీయాలి కాబట్టి తీసింది. బుధవారానికి బాధ పోయి కోపం మిగిలింది. ఒక్క ఫోటో చూసి అంత మాట అనేశాడు. మిగతావి చూస్తే ఏమంటాడో తేల్చుకోవాలి అనుకుంది.

ఈ ఆదివారం ఆమె పది గంటలకు రాలేదు. ఎనిమిదికే వచ్చింది.

శేఖర్ అప్పుడే షట్టరు సగం లేపి గడప ముందు నీళ్లు చల్లుతున్నాడు. ఆమెను చూసి బకెట్ పక్కన పెట్టాడు.

"పది గంటలకు కద, మనీషా."

"అందరు రాకముందే వచ్చిన సార్. మీతోనే పని ఉన్నది."

ఆయన షట్టరు పూర్తిగా లేపాడు. కౌంటరు అద్దం మీది దుమ్ము తుడిచాడు. మనీషా బ్యాగులోంచి కవరు తీసి అందులోని ఫోటోలు వరసగా పరిచింది. ఇరవై. అన్నీ మోతీవే. వెనక తారీఖులు రాసి ఉన్నాయి. ఒకటో తారీఖు నుంచి ఇరవై ఒకటి దాకా, రోజుకొకటి. పదకొండో తారీఖు లేదు.

"ఫోటోలు ఎక్కడ కడిగించినవు?"

"ఆరాంఘర్ కాడ."

"మా దగ్గర కడిగిస్తే నేను ముందే చూస్తనని భయమా?"

"అవును."

శేఖర్ నవ్వలేదు. "ముందొక ముచ్చట చెప్త, ఇను. పోయిన వారం అన్న మాట వాపస్ తీసుకోను. కానీ పదిమందిల అన్నందుకు తప్పు నాది. గా ముచ్చట చెప్దామనే ఫోన్ చేసిన."

మనీషా ఇంటి దగ్గర నుంచి తయారు చేసుకొచ్చిన మాటలు సగం అక్కడే అక్కరకు రాకుండా పోయాయి. మిగిలిన సగం అంది. "ఒక్కటి చూసి గట్ల ఎట్లంటరు సార్?"

"అన్నం ఉడికిందో లేదో చూసెటందుకు ఒక్క మెతుకు చాలు."

"ఇది అన్నం కాదు. ఇరవై రోజులు. ఏ రోజుకారోజు తీసిన. అన్నీ చూసి చెప్పుండ్రి. ఒక్కటి కూడ ఇడ్సిపెట్టొద్దు."

ఆయన ఆమె మొహంలోకి ఒకసారి చూసి, సొరుగులోంచి భూతద్దం తీసుకుని స్టూలు లాక్కున్నాడు. చెప్పడం మొదలుపెట్టాడు. గొంతులో కోపమూ లేదు, జాలీ లేదు. కరెంటు పనివాడు మీటరు చూసి చెప్పినట్టు చెప్పాడు.

మొదటి తారీఖు ఫోటోలో కుక్క చూస్తున్నది మనీషా చేతిలోని బిస్కెట్టు వైపు, కెమెరా వైపు కాదు. రెండో దానిలో టోపీ పెట్టింది. చూసేవాళ్ల కన్ను టోపీ దగ్గరే ఆగిపోతుంది, కుక్క దాకా రాదు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు తారీఖులవన్నీ నిలబడి పైనుంచి తీసినవి.

"నిలబడి తీస్తే కుక్క ఎప్పుడూ నిన్ను బతిమాలుతున్నట్టే ఉంటది. దాని ఎత్తుకు నువ్వు దిగాలె."

"అక్కడ నేలంతా తడి ఉంటది సార్. పొద్దుగాల గదులు కడుగుతం. అందుకే..."

"మనీషా. ఎందుకు గట్ల తీసినవో, చూసెటోళ్ల పక్కన నిలబడి ఒక్కొక్కలకు చెప్తవా?"

ఆమె చెవులు వేడెక్కాయి. కానీ ఈసారి లేవలేదు.

పైనుంచి ఒక విమానం దిగుతూ పోయింది. కౌంటరు అద్దం సన్నగా వణికింది. ఆ చప్పుడు పోయేదాకా ఇద్దరూ ఆగారు. ఆ తర్వాత ఆయన తొమ్మిదో తారీఖు ఫోటో వేరుగా తీసి పక్కన పెట్టాడు. మోతీ నీళ్లు తాగుతున్న ఫోటో. గిన్నెలోంచి లేచిన తలా, మూతి నుంచి జారుతున్న నీటి ధారా మాత్రమే ఉన్నాయి.

"ఇది మంచిగున్నది. ఇందుల నువ్వు లేవు. కుక్కే ఉన్నది."

పొగడ్త ఎంత చిన్నదైతే అంత లోతుకు దిగుతుందని మనీషాకు అప్పటిదాకా తెలియదు. గ్రూపులో వందసార్లు విన్న 'సూపర్'లన్నీ కలిపినా ఇంత బరువు లేవు.

"ఇగ పెద్ద తప్పు," అన్నాడు శేఖర్. "ఇరవైల పదిహేనింటిల కాళ్లు లేవు. మొహం, చెవులు, మెడ. గంతే. కాళ్లు కోసేసినవు."

"ఎనుకదంతా మసకగ వచ్చి మొహం మంచిగ కనపడతదని సార్. టీచరమ్మ కూడ ఒకసారి అన్నది, కాళ్లు కనపడేటట్టు తియ్యి బిడ్డా అని. పెద్దామెకు చాదస్తం అనుకున్న."

"కాళ్లున్నయి ఐదు. అందుల మొదటి రెండు బాగున్నయి. తర్వాతవి మూడు వంకర. ఫోన్ ఒక పక్కకు వాల్చినవు. చూడు, కుక్క ఎట్ల ఒరిగిందో."

మనీషా ఆ మూడింటినీ దగ్గరికి లాక్కుంది. పద్నాలుగు, పదిహేడు, ఇరవై. మోతీ షెడ్డు గడప ముందు నిలబడి ఉంది. నిజమే, ఒక పక్కకు ఒరిగినట్టుంది. కానీ ఒక్క విషయం మాత్రం ఆమెకు ఖాయంగా తెలుసు. ఫోన్ నిలువుగా ఉందో లేదో చూసుకోకుండా ఆమె ఎప్పుడూ నొక్కదు.

"నేను వంచలే సార్."

"వంచినవు."

"లేదు. కుక్క ఎనుకున్న గేటు గుంజ చూడుండ్రి."

శేఖర్ స్కేలు తీసి ఫోటో అంచుకూ గుంజకూ ఆనించి చూశాడు. నిటారుగా ఉంది. రెండో ఫోటోలో గోడ చూశాడు. అదీ నిటారుగానే ఉంది. మూడోదీ అంతే. స్కేలు కింద పెట్టాడు.

"తప్పు నాదే. నువ్వు వంచలే."

ఆ మాట ఆయన నోట వస్తే ఎంతో సంతోషిస్తాననుకుంది మనీషా. సంతోషం రాలేదు. ఇద్దరికీ ఒకే అనుమానం వచ్చింది. ఫోన్ వంగకపోతే, గోడ వంగకపోతే, వంగింది కుక్కే.

శేఖర్ భూతద్దం ఆమెకిచ్చాడు. "ముంగటి కాళ్లు చూడు. ఎడమది."

మనీషా వంగి చూసింది. ఎండ పక్క నుంచి పడుతోంది. మోతీ కుడి కాలి వేళ్లు బరువుకు విచ్చుకుని నేలను పట్టుకున్నాయి. ఆ కాలి కిందనుంచే నీడ మొదలైంది. ఎడమ కాలు మాత్రం అలా లేదు. కాలికీ నీడకీ మధ్య సన్నగా వెలుగు ఉంది. దారం అంత వెలుగు. మూడు ఫోటోల్లోనూ ఉంది.

"కాలు నేలకు ఆనుతలేదు," అంది మనీషా.

"మూడు రోజులల్ల మూడుసార్లు ఎత్తి పట్టిందంటే నొప్పి ఉన్నట్టే. దీని ముందువి తియ్యి."

మూడో తారీఖు, ఎనిమిదో తారీఖు ఫోటోలు తీశారు. మోతీ నాలుగు కాళ్ల మీదా నిలబడి ఉంది. నాలుగు కాళ్లూ నాలుగు నీడల మీద ఉన్నాయి.

"పదకొండు ఎందుకు లేదు?"

"ఆ రోజు నేను పోలే. కందుకూరుల మా పెద్దమ్మ బిడ్డ నిశ్చితార్థం ఉండె."

"పన్నెండు?"

పన్నెండో తారీఖుది వాళ్లిద్దరి మధ్యే ఉంది. అలిగిండు. మోతీ గడప మీద తల వాల్చి పడుకున్న ఫోటో. సెలవు నుంచి తిరిగొచ్చిన ఆ పొద్దున మోతీ రోజూలా గేటు దాకా పరుగెత్తి రాలేదు. నిన్న నేను రాలేదని అలిగాడని ఆమె నవ్వుకుంది. నవ్వుకుంటూ తీసింది. వాట్సాప్ స్టేటస్‌లో పెడితే నలభైమంది ఆ ఫోటోకు గుండె బొమ్మలు పెట్టారు.

మనీషా భూతద్దం కింద పెట్టి కౌంటరు అంచు పట్టుకుంది. "అది లేవలేక పండుకున్నది సార్. నేను దాని మీద మాటలు రాసిన."

 పోయిన ఆదివారం తను అన్నదే నిజమైందని గుర్తు చేసే మనిషి కాదు శేఖర్.

"ఇరవై రోజులు దాని మొహం దిక్కే కెమెరా పెట్టిన. పదో తారీఖు దాటినంక ప్రేమలతక్క చెప్పింది, ముసలిది, ఎండలకు బయటికి తిప్పొద్దు, దాని తిండి నేనే చూసుకుంట అని. నెమ్మదిగ లేస్తుంటే ముసలితనం అనుకున్న. టీచరమ్మకు రోజు ఒకటే రాసిన, బాగున్నడు అని."

"నాకూ కనపడలే," అన్నాడు శేఖర్. "ఫోటో వంకర అన్న. కుక్క వంకర అనలే. తప్పులు ఎతికే కండ్లు నావి. పా, బండి తీస్త."

పది గంటలకు వచ్చేవాళ్లు కూర్చోవడానికి వెనక గది తాళం పక్క దుకాణంలో ఇచ్చి, ఆయన స్కూటర్ తీశాడు. తొండుపల్లి చేరేసరికి తొమ్మిదయింది. హాస్టల్ గేటు లోపల ప్రేమలత పైపుతో గదులు కడుగుతోంది. నలభై దాటిన గట్టి మనిషి. ఒక్కతే ఈ హాస్టల్ నిలబెట్టింది. శేఖర్‌ను చూసి పైపు ఆపింది.

"ఏంది మనీషా, ఆదివారం నువ్వు మధ్యాహ్నం కదా వచ్చేది."

"మోతీ కాలికి ఏమైంది అక్కా?"

ప్రేమలత అబద్ధం వెతుక్కోలేదు. అలసిపోయిన దానిలా గోడకు ఆనుకుంది.

"దెబ్బ తగిలింది. పదకొండో తారీఖు నీళ్ల ట్యాంకర్ వచ్చినప్పుడు గేటు తీసి ఉండె. అది రోడ్డు మీదికి పోయింది. బండోడు గుద్ది పోయిండు. అప్పటికప్పుడు డాక్టర్‌ను పిలిపించిన. బొక్క ఇరగలేదు, వాపు, వారం పది రోజులల్ల తగ్గుతది అన్నడు. మందు నేనే రాస్తున్న, రోజుకు మూడుసార్లు."

"టీచర్‌కు ఎందుకు చెప్పలే?"

"పుణెల బాలింత దగ్గర ఉన్నది ఆమె. చెప్తే ఆడ ఉండలేదు, ఈడికి రాలేదు. వచ్చేలోపల తగ్గుతదనుకున్న. తప్పే. కాదంటలేను."

"నాకెందుకు చెప్పలే అక్కా? రోజు నాతోనే బాగున్నడు అని రాయించినవు కదా."

ప్రేమలత పైపు చుట్టడం మొదలుపెట్టింది.

మోతీ చివరి గదిలో ఉంది. మనీషా గొంతు వినగానే తోక నేలకేసి కొట్టింది. లేచింది. నాలుగు కాళ్ల మీద కాదు, మూడింటి మీద. ఇప్పుడు అది ఎంత స్పష్టంగా కనపడుతోందంటే, ఇన్నాళ్లూ ఎలా కనపడలేదో మనీషాకు అర్థం కాలేదు. పన్నెండు రోజులు కావస్తున్నా మోకాలి కింద వాపు అలాగే ఉంది. చెయ్యి ఆనిస్తే మోతీ కాలు వెనక్కి లాక్కుంది. కానీ ఆమె చెయ్యి నాకింది.

"వాపు తగ్గలేదక్కా. బొక్క ఇరగలేదని చేతితోని పట్టి చూసి చెప్పిండా, ఎక్స్‌రే తీసిండా?"

"చేతితోనే."

"అయితే ఇయ్యాలనే తీపియ్యాలె."

శేఖర్ తనకు తెలిసిన డాక్టరుకు ఫోన్ చేశాడు. ఆదివారమైనా పదకొండు గంటలకు రమ్మన్నాడు. ప్రేమలత కాదనలేదు. ఆటో మాట్లాడటానికి లోపలికి వెళ్లింది.

మనీషా మోతీని నెమ్మదిగా షెడ్డు గడప దాకా నడిపించింది. తర్వాత తడి నేల మీద బోర్లా పడుకుంది. ఫోన్ తలకిందులు చేసి, కెమెరా కన్ను దాదాపు నేలకు తగిలేలా పట్టుకుంది. బిస్కెట్టు లేదు, టోపీ లేదు. పిలవలేదు కూడా. మోతీ ఎలా నిలబడగలదో అలా నిలబడేదాకా ఆగింది. నొక్కింది.

ఎడమ కాలు గాలిలో ఉంది. దాని కింద వెలుగు ఉంది. మోతీ చూపు మనీషా మీద లేదు, కెమెరా మీద లేదు. తన కాలును ఎక్కడ పెట్టాలా అని నేల వైపు చూస్తోంది.

ఫోన్ శేఖర్‌కు అందించింది. ఆయన అరచేతి నీడ పట్టి చూశాడు.

"వీపు మీద ఎండ ఎక్కువైంది," అన్నాడు. "అయినా పంపు."

మనీషా గడప మీద కూర్చుని మెసేజ్ రాసింది. రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాసింది. 'టీచర్, పదకొండో తారీఖు గేటు తీసి ఉంటే మోతీ రోడ్డు మీదికి పోయింది. బండి తగిలింది. ఎడమ కాలు నేలకు ఆనిస్తలేదు. ఇన్ని రోజులు నేను చూసుకోలేదు. బాగున్నడని రాసింది తప్పు. పదకొండు గంటలకు ఎక్స్‌రేకు తీసుకపోతున్నం.' ఫోటో కింద దాన్ని పెట్టి పంపేసింది. బట్టలన్నీ తడిసి ఉన్నాయి. 

తల ఎత్తేసరికి ప్రేమలత ముందు నిలబడి ఉంది.

"పంపినవా?"

"పంపిన అక్కా. నన్ను పనిలకెళ్లి తీసేసినా సరే."

"ఎందుకు తీసేస్త. నేను పంపాల్సింది నువ్వు పంపినవు." ప్రేమలత శేఖర్ వైపు చూసింది. ఆయన ఆమె ఉద్దేశం గ్రహించి మోతీ బెల్టు పట్టుకుని గేటు వైపు నెమ్మదిగా నడిచాడు. ఆమె గొంతు తగ్గించింది. "నీకెందుకు చెప్పలే అని అడిగినవు కదా. ఇప్పుడు చెప్పాలె. ఆ టీచరమ్మ నాలుగు నిమిషాలల్ల ఫోన్ చేస్తది. ఫస్టు అడిగేది, గేటు ఎవరు తీసిండ్రు అనే."

"ట్యాంకరోడు కాదా?"

"ట్యాంకరోడు హారన్ కొట్టిండు. గేటు తీసింది గేటు కాడ ఉన్నోళ్లు. నువ్వు సెలవు పెట్టినవు. ఆ రోజు నాకు మనిషి దొరకలే. మీరు బస్సెక్కినంక మీ ఇంటికి ఫోన్ చేసిన. మీ బాపును పిలిచిన."

మనీషాకు మొదట ఆ మాట అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కటే వచ్చి కూర్చుంది. ఆ రోజు తండ్రి పెంటయ్య నిశ్చితార్థానికి రాలేదు. నడుము నొప్పి అన్నాడు. ఆ మరునాటి నుంచి రోజూ ఆమె ఇంటికి రాగానే కాళ్లు కడుక్కోకముందే అడుగుతున్నాడు, ఆ ముసలి కుక్క తిన్నదా అని. జీవితంలో కుక్కను దగ్గరికి రానివ్వని మనిషి. వయసు మీద పడి మెత్తబడ్డాడనుకుంది.

"నా కాళ్లు పట్టుకున్నంత పని చేసిండు," అంది ప్రేమలత. "నా బిడ్డకు ఎరికైతే మొహం ఎట్ల చూపియ్యాలె అన్నడు. దాని పనికి మచ్చ తెచ్చిన అని ఏడ్చిండు. మాటిచ్చిన. ఇయ్యాల తప్పిన."

మనీషా చేతిలో ఫోన్ మోగింది. తెర మీద కౌసల్యమ్మ టీచర్ అని ఉంది. ఆమె మూడుసార్లు మోగనిచ్చి ఎత్తింది. అవతల పసిబిడ్డ ఏడుపు, తర్వాత తలుపు వేసిన చప్పుడు.

"ఫోటో చూసిన బిడ్డా," అంది కౌసల్యమ్మ.  బడిలో నలభై ఏళ్లు పిల్లల్ని నిలబెట్టి అడిగిన గొంతు అది. "నువ్వు చెప్పినవు, సంతోషం. ఇగ ఒక్కటి అడుగుత, ఉన్నది ఉన్నట్టు చెప్పు. గేటు తీసింది ఎవరు?"